కూర్చుని కొలిచిన వీధి

పట్నం మేడం పోయిందని వాళ్ల చెల్లెలు ఫోను చేసి చెప్పింది. నిద్రలోనే పోయిందట. ఎవరి చేతా చాకిరీ చేయించుకోకుండా వెళ్లిపోయిందని విని దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. కళ్లు మూసుకుంటే ముందుగా ఆమె ముఖం కాదు, ఆమె మిరపకాయ బజ్జీలు తినే తీరు కనిపించింది. ఏడుపు రావలసిన చోట నవ్వు వచ్చింది. ఆమె వింటే, "నవ్వు బిడ్డా, నవ్వితె నాకేం తక్కువైతది" అనేదే.

చేవెళ్ల బస్టాండులో దిగి, బండి దగ్గర నాలుగు బజ్జీలు కొని, ఉప్పు అద్దుకుని మరీ తినేది. నీళ్లు మాత్రం ముట్టేది కాదు. చేతి గడియారం చూసుకుని, రాతి కమాను కింద నుంచి మా పాత బజారులోకి నడక మొదలుపెట్టేది. ముక్కు తుడుచుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ, ఎన్ని నిమిషాలకు ఎవరు పిలిచి నీళ్లిస్తారో చూసేది. అది ఆమె పరీక్ష. "బాటిల్ కొనుక్కొని తాగితె నాకేం తెలుస్తది? కొత్త మనిషికి గొంతు ఎండితె ఈ వీధి ఏం చేస్తదో అది తెల్వాలె గద" అనేది. నీడకూ అలాంటి పరీక్షే ఉండేది. సంచిలో గొడుగు పెట్టుకుని, నడినెత్తి మాడినా తెరిచేది కాదు. తలకు నీడ తగిలిన చోట ఆగి, కాగితం మీద చుక్క పెట్టుకునేది. మూడో పరీక్ష మజ్జిగతో. బయలుదేరే ముందు రెండు గిలాసల మజ్జిగ తాగి వచ్చేది. అది ఎందుకో తరువాత చెబుతాను.

పట్నంలో ప్లాన్లు గీసే ఆఫీసులో ఆమె ఉద్యోగం. పాత ఊళ్ల బజార్లు చూడటానికి జనం వస్తే, వాళ్లకు అక్కడ ఏమేం ఉన్నాయి, ఏమేం లేవు, కొత్తగా ఏం కట్టాలి అని తేల్చి రాయటం ఆమె పని. ఆ పని చేసేవాళ్లు టేపు పట్టుకుని వస్తారు. ఆమె సంచిలోనూ టేపు ఉండేది, కాని ఎక్కువగా కూర్చునే కొలిచేది. నూలు చీర కింద తెల్ల లేసుల బూట్లు, భుజానికి గుడ్డసంచి, అందులో మడతపెట్టిన తువ్వాలు. ఎక్కడ రాయి నచ్చితే అక్కడ తువ్వాలు పరిచి కూర్చుని పల్లీలు తినేది. పొట్టు కింద పడేయకుండా సంచిలోనే వేసుకునేది. ఆ సంచి అడుగున ఎన్ని ఊళ్ల పల్లీ పొట్టు ఉండేదో. మా వీధివాళ్లు ఆమెకు "కూసునే మేడం" అని పేరు పెట్టారు. అది ఆమె చెవిన పడితే, "నిలబడే మేడంలు చాన మంది ఉన్నరు, నాకు ఈ పేరే ఖాయం చేయుండ్రి" అంది.

పరిచయం బాగా ముదిరాక ఒకసారి నన్ను ఆటో ఎక్కించి మొయినాబాద్ తీసుకుపోయింది, ఏదో చూపిస్తానని. చూస్తే రోడ్డు పక్కన కొత్త బస్సు షెల్టరు. అద్దాల గోడలు, మెరిసే స్టీలు కుర్చీలు. ఎవరు కట్టారో గాని, ఎండకు ఎంత కాలుతోందంటే అందులో కుక్క కూడా లేదు. బస్సు కోసం వచ్చినవాళ్లంతా పక్కనున్న పాన్ డబ్బా రేకు కింద ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు.

"చూసినవా రూతమ్మా. నేను చదువుకున్న చదువంత ఆ అద్దాలల్ల ఉన్నది. నాకు రావల్సిన చదువు ఈ డబ్బా కింద ఉన్నది" అంది. అని, పోయి ఆ స్టీలు కుర్చీ మీద ఐదు నిమిషాలు కూర్చుని వచ్చింది, తువ్వాలు కూడా పరవకుండా.

"కాలలేదా అమ్మా?" అన్నాను.

"కాలింది. రాసేటప్పుడు గుర్తుండాలె గద."

నా సంగతి కూడా రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే ఆమె చేసిన మేలు అర్థం కాదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి నా ఒక కాలు సన్నబడింది. బడికి పోలేదు. మా బాపు పొలం నుంచి వచ్చి, బైబిలు ముందు పెట్టుకుని, నా వేలు పట్టి ఒక్కొక్క అక్షరం మీద పెట్టించేవాడు. అవ్వ కుట్టు నేర్పింది. ఆ రెండింటితోనే దేవుడు నన్ను ఇంతవరకు నడిపించాడు. పాత బజారులో శంకరయ్య సేటు కిరాణా దుకాణం ముందు, అరుగు మీద ఒక మూల నా కుట్టుమిషను. సేటు కిరాయి అడగడు, నేను ఆయన సంచుల చింపులు కుడతాను. తలపైన ఎండకు కట్టిన పరదా, పక్కన నీళ్ల రంజను. దారిన పోయేవాళ్లు వచ్చి కూర్చుంటారు, రంజనులో నీళ్లు ముంచి ఇస్తే తాగుతారు, లేచి పోతారు. ఆ వీధిలో ప్రతి ఇంటి ముందూ ఇంతే. చెక్కడపు తలుపులు, మొద్దు స్తంభాలు, మోకాలెత్తు రాతి అరుగు, పరదా, రంజను. ఎప్పుడూ ఉన్నవే కాబట్టి మాకు అవి కంటికి ఆనేవి కావు.

అవి సాఫ్ట్‌వేరు కొలువుల పిల్లలు కొత్తగా కార్లు కొన్న రోజులు. శని, ఆదివారాలు మొయినాబాద్ వైపు గుడికీ, జన్వాడ ఫాంహౌజులకూ కార్లు బారులు తీరేవి. సురంగల్ చేలు గజాల లెక్కన అమ్మకానికి వచ్చాయని సేటు రోజూ ఎవరికో ఒకరికి చెప్పేవాడు. అలా వచ్చే జనం మా పాత బజారు కూడా చూసి పోయేటట్టు చేయాలని పైవాళ్లకు ఆలోచన పుట్టి, ఆమెను పంపారు.

పంపటం మంచిదే. ముందురోజు డప్పు కొట్టించటంతో చిక్కు వచ్చింది. "రేపు పట్నం నుంచి ఆఫీసర్లు వస్తున్నరు, పాత బజారు కొలుస్తరు" అని చాటింపు. అంతకు ముందే పెద్ద రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా వాళ్లు కొలతలు చూశారు. కొలతల వెనక మిషన్లు వచ్చి, దుకాణాల ముందు బయటికి పొడుచుకుని ఉన్నదల్లా ఊడ్చుకుపోయాయి. అందుకని ఆ సాయంత్రానికల్లా వీధి వీధంతా సర్దేసింది. పరదాలు విప్పారు. రంజన్లు ఇళ్లలోకి పోయాయి. బల్లలు, మంచాలు దొడ్లోకి పోయాయి. సేటు తన అరుగు కడిగించి, నిండా ముగ్గు వేయించి, నడుమ తులసి కుండీ పెట్టించాడు.

"ఇగ ఇది దేవుని జాగ. ఎవ్వడు ముట్టడు" అన్నాడు.

"నా మిషను సేటు?"

"గోదాంల పెట్టు. అడిగితె ఏం లేదను. ఏది అడిగినా లేదను."

మర్నాడు ఆమె వచ్చింది, నాలుగు బజ్జీలు తిని. కమాను దగ్గర నుంచి వీధి చివరి దాకా నడిచింది. ముక్కు ఎర్రబడింది, కళ్లు ఎర్రబడ్డాయి. ఒక్కరూ పిలిచి నీళ్లివ్వలేదు. నీళ్లిస్తే నిలబడుతుంది, నిలబడితే చూస్తుంది అని భయం. తిరిగి వచ్చి మా దుకాణం ముందు ఆగింది. సేటు చేతులు కట్టుకున్నాడు.

"దూపైతె ఇక్కడ నీళ్లు ఉంటయా సేటు సాబ్?"

"ఉండయి మేడం."

"నీడ?"

"ఉండది మేడం."

"జర కూసోనికి?"

"మా వీధిల ఎవ్వరూ కూసోరు మేడం. అందరు నిలబడే ఉంటరు."

ఆమె గోదాము తలుపు పక్కన నిలబడ్డ నన్ను చూసింది. "నువ్వు చెప్పు బిడ్డా. నీడ ఉంటదా?"

"లేదమ్మా" అన్నాను.

ఆమె నాకు దండం పెట్టి, గొడుగు తెరుచుకుని పోయింది.

నెల తిరగకుండా ప్లాను పంచాయతీ ఆఫీసు గోడకెక్కింది. అభ్యంతరాలు ఉంటే ఫలానా రోజు మీటింగులో చెప్పుకోవాలని కింద రాశారు. సేటు చదివి వచ్చి బియ్యం బస్తా మీద కూలబడ్డాడు.

"మన వీధిల నీడ లేదట, షెల్టర్లు కడుతరట. నీళ్లు లేవట, స్టీలు ట్యాంకి పెడుతరట. కూసోనికి జాగ లేదట, బెంచీలు ఏస్తరట."

"మంచిదే కద సేటు."

"మంచిదే. అవన్ని పెట్టనీకి రెండు దిక్కుల అరుగులు తీసేస్తరట."

ఉన్నదాన్ని లేదన్నాం. ఆ లేనిదాన్ని కట్టటానికి ఇప్పుడు ఉన్నదాన్ని కూలగొడతారు. వీధిలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అర్జీ పెడదామన్నారు. అర్జీలో ఏమని రాయాలో ఎవరికీ తోచలేదు. "అబద్ధం చెప్పినమని మన చేతితోనే రాసిస్తమా?" అన్నాడు సేటు.

అరుగు పోతే వాళ్లకు దుకాణం మిగులుతుంది. నాకు మిషను పెట్టుకునే చోటే మిగలదు. పెద్ద రోడ్డు మీద కిరాయికిచ్చే మడిగెల దుకాణాలకు మెట్లు ఎక్కాలి, నా కాలుకు మెట్లు కుదరవు. అదొక దిగులు. ఇంకొకటి, ఆ "లేదమ్మా" అన్న మాట నా నోటితో అన్నదే. మూడు రోజులు ప్రార్థనకు కూర్చుంటే ఏమి అడగబోయినా ముందు ఆ మాటే వచ్చి అడ్డంగా నిలబడింది. నాలుగో రోజు, సేటుకు ఆమె ఆ రోజు ఇచ్చిపోయిన కార్డు తక్కెడ కింద కనబడితే, నంబరు చేతి మీద రాసుకుని ఎస్టీడీ బూతుకు పోయాను.

"అమ్మా, నేను చేవెళ్ల పాత బజారు నుంచి. రూతమ్మను. బట్టలు కుడత. మీకు అబద్ధం చెప్పిన."

"ఏం అబద్ధం బిడ్డా?"

"నీడ ఉన్నదమ్మా."

"నీళ్లు?"

"నీళ్లు కూడ ఉన్నయి."

"కూసోనికి?"

"వీధంత కూసుంటరు. అన్ని ఉన్నయమ్మా. మీరొస్తున్నరని లోపల దాచినం."

ఆమె నవ్వటం మొదలుపెట్టింది. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ నవ్వింది. బూతు ఆయన నా వైపు అనుమానంగా చూశాడు. "తప్పు మీది సగం, నాది సగం" అంది చివరికి. "డప్పు కొట్టించి వచ్చిన. చెప్పి వస్తె ఇల్లు కనబడతది గాని కాపురం కనబడదు. మీ అంగడి ఏ దినం?"

చెప్పాను.

"వస్త. ఎవ్వరికి చెప్పకు. ఫికర్ చెయ్యకు."

అంగడి రోజు, అంటే మా వారపు సంత రోజు, మామూలు బస్సులో వచ్చి, బజ్జీలు తిని నడక మొదలుపెట్టింది. పరదాలన్నీ కట్టి ఉన్నాయి, రంజన్లన్నీ బయట ఉన్నాయి. కమాను దాటి పది అడుగులు వేసిందో లేదో, గాజులమ్మే ముసలమ్మ ఎవరో ఏమిటో చూడకుండానే "ఏందవ్వా గట్ల దగ్గుతున్నవ్, రా, నీళ్లు తాగు" అని చెయ్యి పట్టి లాగింది. తరువాత ఆమె ఒక్కొక్క అరుగు మీదా తువ్వాలు పరిచి కూర్చుంటూ వచ్చింది. ఒక చోట కూరలవాళ్ల బేరం విన్నది. ఒక చోట ఎవరి బిడ్డనో ఒళ్లో పెట్టుకుంది. రాయి మీద అరచెయ్యి రాసి, "ఇది పాలిషు కాదు, మనుషులు కూసోని కూసోని చేసిన నునుపు" అని కాగితం మీద రాసుకుంది. మధ్యాహ్నానికి మా అరుగు మీదికి చేరింది.

సేటు ఆమెను చూసి బెల్లం గడ్డ చేతిలోంచి జారవిడిచాడు.

"సేటు సాబ్, ఈ అరుగు మీద ఎవరన్న కూసుంటరా?"

అలవాటు కొద్దీ నోరు తిరిగింది ఆయనకు. "ఎవ్వరూ కూసోరు మేడం" అన్నాడు. ఆయన వెనక నలుగురు కూర్చుని ఉన్నారు. ఒకాయన పడుకుని గురక పెడుతున్నాడు.

నవ్వులు ఆగిన తరువాత సేటు నా మిషను దగ్గరికి వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "ఎవరు చెప్పిండ్రు ఈమెకు?"

"నేనే సేటు."

"నా అరుగు మీద కూసోని నా మీదనే చెప్పినవా? మంచిది. అరుగు ఉంటదో పోతదో తర్వాత. మీటింగు అయినంక నువ్వు వేరే జాగ సూసుకో."

నేను తల వంచుకుని కుట్టుకున్నాను. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. ఇన్నేళ్లు చోటిచ్చినవాడు. ఆమె స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాం.

కాసేపటికి కళ్లు తెరిచి, "ఇప్పుడు అసలు ముచ్చట" అంది. "పొద్దుగాల రెండు గిలాసల మజ్జిగ తాగొచ్చిన. యాడికి పోవాలె?"

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సేటు పైకి, కిందికి చూశాడు. చివరికి తలుపు వెనక నుంచి సేటమ్మ వచ్చి, "రా అమ్మా" అని తమ దొడ్లోకి తీసుకుపోయింది. తిరిగి వచ్చి మేడం నా పక్కనే కూర్చుంది.

"రూతమ్మా, నేను కూసున్నప్పటి సంది ఎంత మందికి నీళ్లు ముంచిచ్చినవ్. నువ్వొక్క గుక్క తాగలే. ఎందుకు?"

"దూప కాలేదమ్మా."

"మల్ల అబద్ధం."

పొద్దున వస్తే చీకటి పడ్డాక ఇంటికి పోతాను. మా ఇల్లు ఊరి అవతల. "తాగితె యాడికి పోవాలమ్మా" అన్నాను మెల్లగా.

మెల్లగా అన్నా సేటమ్మకు వినబడింది. ఇన్నేళ్లలో ఆమె నన్ను తక్కువగా చూసింది లేదు. పండుగకు పిండివంట పెట్టింది, జ్వరం వస్తే కషాయం ఇచ్చింది. ఇది మాత్రం ఆమెకు ఎన్నడూ తట్టలేదు, నేనూ ఎన్నడూ అడగలేదు. ఆమె ముఖం చిన్నబోయింది. వెంటనే మొగుడి వైపు తిరిగింది.

"గోదాం వెనక జాగ ఖాళీగనే ఉన్నది గద."

"ఆ జాగ ముందుముందు పనికొస్తదని..."

"ఇన్ని దినాలు ఎలుకలకు ఇచ్చినం. మనుషులకు ఇయ్యమా?"

కూసునే మేడం సంచిలోంచి కాగితం తీసి, గోదాము వెనక ఒక చుక్క పెట్టుకుంది.

మీటింగు రోజున పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. పాత బజారంతా వచ్చింది. ఆమె లేచి, తాను గీసిన మొదటి ప్లాను తప్పని ముందుగా తానే చెప్పింది. మా అబద్ధం మాట ఎత్తలేదు. "నేను సరిగ్గ కూసోలేదు" అని మాత్రం అంది. కొత్త ప్లానులో కట్టవలసినవి అన్న పేజీలో ఒక్కటే ఉంది, గోదాము వెనక ఆడవాళ్లకూ మగవాళ్లకూ బాత్రూములు.

పై ఆఫీసరు కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఇంతేనా మేడం? ఇంత పెద్ద బజారుకు నీడ వద్దా, నీళ్లు వద్దా?"

"ఉన్నయి సార్. పేజీ తిప్పండి."

పేజీ తిప్పితే మా వీధి ఉంది. ఏ ఇంటి ముందు ఏ వేళకు నీడ పడుతుందో, ఏ రంజను ఎవరు నింపుతారో, ఏ అరుగు మీద ఎంతమంది పడతారో, అన్నీ. ఒక్క అరుగూ కదపరాదని కింద గీత గీసి రాసింది. చివరి వాక్యం ఆమె పైకి చదివింది. బాత్రూముల తాళంచెవి శంకరయ్య సేటు అరుగు మీద, కుట్టుమిషను దగ్గర, రూతమ్మ చేతిలో ఉండాలని.

సేటు లేచాడు.

"మేడం, మరి రేపు ఈమె వేరే జాగకు పోతె?"

"ఎట్ల పోతది సేటు సాబ్?" ఆమె కాగితం మడిచింది. "నీ అరుగు ప్లాన్ల ఉన్నది. అరుగు మీద మిషను ప్లాన్ల ఉన్నది. మిషను తీస్తె ప్లాను తప్పుతది. ప్లాను తప్పితె అరుగుల ముచ్చట మల్ల మొదటికొస్తది."

షామియానా కింద ఎవరో కిసుక్కున నవ్వారు. సేటు నన్ను చూశాడు, ఆమెను చూశాడు, కూర్చున్నాడు. ఆ దినం ఆయన నాతో మాట్లాడలేదు. ఇంటికి పోయి నేను చేసిన ప్రార్థనలో అడగటానికి ఏమీ లేకపోయింది. ఆమె పేరు చెప్పుకున్నాను, సేటు పేరు చెప్పుకున్నాను, సేటమ్మ పేరు చెప్పుకున్నాను, అంతే.

బాత్రూములకు ఇంకా పునాది కూడా పడలేదు, తాళం కొననే లేదు. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి సేటు అరుగు మీద మోకాళ్లు మడిచి కూర్చుని, నా మిషను పక్కన గోడకు మేకు కొడుతున్నాడు.

"చూడు జర" అన్నాడు, నా వైపు తిరగకుండానే. "కూసున్నకాడ్నుంచి అందాలె గద నీకు."

కూర్చుని చెయ్యి చాపాను. అందింది.